చెవి మేస్త్రి గీసిన గీత

తాత కారులో ఒకదానికొకటి చుట్టరికం ఉన్న భాగాలు చాలా తక్కువ. రెండు తలుపుల పాత కారు అది, వెనక చక్రాలు తోసే రకం. కొత్తగా ఉన్న రోజుల్లో డబ్బున్నవాళ్ళు నలుగురికీ చూపించుకోవడానికి దాన్ని నడిపేవాళ్ళట. తాత కంటపడేసరికి పాత ఇనుము కొట్టు వెనక పడి ఉంది. దాంట్లో ఒక పిల్లి కాపురం పెట్టి, పిల్లల్ని కూడా కనేసింది. తాత పిల్లి సంసారాన్ని ఒక అట్టపెట్టెలోకి మార్చి, కారుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు దానికి సంబంధాలు వెతుకుతూనే ఉన్నాడు. రెండు కార్బరేటర్లూ రెండు వేరే కార్లవి. బ్రేకులు ఒక బరువు వ్యానువి. డ్రైవరు సీటు కాలం చెల్లిన బస్సుది. కొత్త భాగం కొనడమంటే ఆయనకు ఒంట్లో రక్తం తోడినట్టుండేది. ఎవరైనా కొన్నారని తెలిస్తే "పాపం, చేతుల్లేవా వాళ్ళకి?" అని జాలిపడేవాడు.

డబ్బు పోసి బలం కొనే స్తోమత లేదు కాబట్టి బరువు తీసేసి వేగం తెచ్చాడు. వెనక సీటు, కింద తివాచీ, రేడియో, తలుపుల లోపలి అట్టలు, అన్నీ పీకేశాడు.

"ఇంకొన్నాళ్ళాగితే నన్ను కూడా బరువని పీకి బయట పెడతారు," అనేది అమ్మమ్మ. ఆవిడ దాన్ని ఎన్నడూ కారు అనలేదు. సవతి అనేది. "సవతికి నూనె పట్టించడం అయిందా? అయితే చేతులు కడుక్కుని భోజనానికి రండి."

ఇంత తిప్పలూ ఏడాదిలో ఒక్క రోజు కోసం. ఊరి బయట కొండ మీదికి పదకొండు మలుపుల రోడ్డు ఉంది. ఏటా ఒక ఆదివారం ఆ రోడ్డు మూసేసి, పాత కార్లను ఒక్కొక్కటిగా పైకి వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో ఎక్కితే వాళ్ళకు ఒక ఇత్తడి కప్పు. తాత ఇంట్లో అవి మూడున్నాయి. అమ్మమ్మ ఒకదాంట్లో చీపురు పుల్లలు, ఒకదాంట్లో గుండీలు దాచింది. మూడోది తాత ఎవరినీ ముట్టుకోనివ్వడు.

కారు నడిపేది తాత కాదు, పిన్ని. పిన్ని ఆయన రెండో కూతురు. వారమంతా బడి వ్యాను నడుపుతుంది. పిల్లలు వాంతి చేసుకోకుండా మలుపు తిప్పగలిగినవాళ్ళే కొండ ఎక్కగలరని తాత సిద్ధాంతం.

"నీ వ్యానులో పిల్లలు నిద్రపోతారా?" అని అడిగాడట మొదటి ఏడాది.

"గురకలు కూడా పెడతారు నాన్నా."

"అయితే ఇదిగో తాళం."

పందెం జనం తాతను చెవి మేస్త్రి అనేవాళ్ళు. దానికి కారణం ఒక గొట్టం. ఇంజనులో పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి స్పార్కు పడాలి కదా, అది ఒక వెంట్రుకవాసి ముందు పడితే కారు లేడిలా దూకుతుంది. రెండు వెంట్రుకలు ముందు పడితే పిస్టను నెత్తిన సుత్తి దెబ్బే. ఆ దెబ్బ ఒక సన్నటి చప్పుడు చేస్తుంది, రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిపినట్టు. డబ్బున్నవాళ్ళు దాన్ని పట్టుకోవడానికి మిషన్లు పెట్టుకుంటారు. తాత ఒక రాగి గొట్టం కొసను సుత్తితో చదును చేసి, చిల్లు పెట్టి, ఇంజను పక్కన బోల్టుతో బిగించాడు. రెండో కొసకు రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని కారు లోపలికి తెచ్చి, చివర్న నూనె పోసుకునే చిన్న గరాటు పెట్టాడు. పిన్ని ఎత్తు మీద కారును పూర్తిగా తొక్కుతుంటే, తాత పక్కన కూర్చుని గరాటు చెవికి పెట్టుకునేవాడు. గులకరాళ్ళు వినపడితే వేలు ఎత్తేవాడు. పిన్ని ఆపేది. ఆయన దిగి, స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవాడు. మళ్ళీ ఎత్తు. వేలు లేవకుండా పైదాకా వెళ్ళిన రోజు, ఉలితో డిస్ట్రిబ్యూటరు మీదా దాని కింద ఇంజను మీదా కలిపి ఒక గీత గీసేవాడు.

గీత పడ్డాక ఎవరూ దాన్ని ముట్టకూడదు, దాని గురించి నోరెత్తకూడదు. అది ఆ ఇంట్లో చట్టం. ఒకసారి అమ్మమ్మ దుమ్ము తుడుస్తూ దాని మీద గుడ్డ పెట్టినందుకు రెండు రోజులు మాట్లాడలేదు మహానుభావుడు.

అంత గొప్ప చెవులను ఆయన కాపాడుకున్న తీరు కూడా చెప్పాలి. నలభై ఏళ్ళు పంపుల ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేశాడు. లేతు పక్కనే రేకులు కొట్టే ప్రెస్సు. చెవుల్లో పెట్టుకొమ్మని ఫ్యాక్టరీవాళ్ళు రబ్బరు బిరడాలు ఇచ్చేవాళ్ళు. తాత వాటిని ఇంటికి తెచ్చి, విప్పిన పెట్రోలు గొట్టాలకు మూతలుగా వాడుకున్నాడు. కొలిచి చేసినట్టు సరిపోయాయని మురిసిపోయాడు కూడా.

తాతకు వినపడటం లేదని ముందుగా కనిపెట్టింది అమ్మమ్మ. ఆవిడకు వంటింట్లో నిలబడి మొగుణ్ణి మెల్లగా తిట్టుకునే అలవాటు. పెళ్ళయిన నాటి నుంచీ ఉంది. తాత ముందు గదిలోంచి వడ్డీతో సహా జవాబిచ్చేవాడు. ఆ జవాబులు ఒక ఏడాదిగా తగ్గాయి. వయసు పైబడి పెద్దమనిషి అయ్యాడనుకుంది మొదట. ఒకరోజు పరీక్ష పెట్టింది.

"ముసలి మొద్దు," అంది. జవాబు లేదు. "నూనె జిడ్డు మొహమా." లేదు. "నా సవతి తగలబడిపోను." దానికి కూడా కదలలేదు. అప్పుడు ఆవిడకు భయం వేసింది. కారును తిడితే పడుకున్నవాడు కూడా లేచి వచ్చేవాడు మరి.

ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఏమండీ, చెవులు చూపించుకోండి."

"నా చెవులకేమొచ్చింది?"

"నాకు తెలిస్తే నేనే చూసేదాన్ని."

తాత పిన్నికి తెలియకుండా చెవుల ఆసుపత్రికి వెళ్ళాడు. గోడలకు దూది అంటించినట్టున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. తాత కాసేపు ఎదురుచూశాడు. ఏమీ వినపడలేదు. వినపడకపోతే తప్పినట్టే కదా అనుకుని, ఇంజను లెక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మనసులో లెక్కపెట్టుకుంటూ నొక్కడం మొదలుపెట్టాడు. బళ్ళో పక్కవాడి పలక చూసి రాసినవాడికి ఇదొక లెక్కా?

అద్దం అవతలి అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది.

"తాతగారూ, నేనింకా చప్పుడు పెట్టలేదండీ."

చివరికి ఒక కాగితం ఇచ్చింది. దాని మీద ఒక గీత కొంతదూరం తిన్నగా నడిచి, ఉన్నట్టుండి కొండ అంచు నుంచి దూకినట్టు కిందికి పడిపోయింది. దగ్గరి లావు చప్పుళ్ళు వినపడతాయి, సన్నవీ దూరానివీ వినపడవు, ఇక రావు కూడా అని చెప్పింది. తాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పనిముట్ల పెట్టెలో పానాల అడుగున దాచాడు. అప్పటికి పందేనికి రెండు నెలలుంది.

అమ్మమ్మ ఊరుకోలేదు. "ఏమన్నారు?"

"కొంచెం తగ్గిందన్నారు. వయసు."

"మరి ఆ గొట్టంలో వినపడుతుందా?"

"గొట్టంలో బాగానే వినపడుతుందే. గొట్టం పనే అది."

ఆవిడ నమ్మింది. నమ్మాలని కూడా ఉంది మరి. పిన్నికి చెప్పొద్దని మాట తీసుకున్నాడు. పందెం అయ్యాక తనే చెప్తానన్నాడు.

ఆ ఏడే తాత ఇంజను మూతను లేతు మీద పెట్టి గోరు మందం చెక్కాడు. మూత పల్చబడితే లోపలి గది చిన్నదవుతుంది, పేలుడు గట్టిగా ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా బలం. మామూలుగా అయితే దాని వెనక వారం రోజుల చెవి పని ఉంటుంది. చెక్కిన ఇంజను గులకరాళ్ళను పిలిచి మరీ పీట వేస్తుందని ఆయనకు తెలియనిది కాదు. తెలిసీ చెక్కాడు. నాలుగో కప్పు వస్తే ఇక మానేద్దామనుకున్నాడు. మానేసేటప్పుడు గెలిచి మానెయ్యాలని మగమహారాజుల పట్టుదల.

నీళ్ళ ట్యాంకు పక్కన ఎత్తు మీద పరీక్ష పెట్టారు. మధ్యాహ్నం, రోడ్డు ఖాళీ. పిన్ని మూడో గేరులో పూర్తిగా తొక్కింది. తాత గరాటును చెవికి అదిమి పట్టుకున్నాడు. ఒక పెద్ద హోరు వినపడింది, దూరంగా ఏదో గూడ్సు బండి పోతున్నట్టు. అందులో గులకరాళ్ళు ఉన్నాయో లేవో ఆయనకు తెలియలేదు. గరాటు రెండో చెవికి మార్చాడు. అదే హోరు. పిన్ని ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఆయన వేలి మీద పెట్టి నడుపుతోంది. తాత ఆమె మొహం చూశాడు. ఏమైనా వినపడితే ఆమె కనుబొమలైనా కదలకపోతాయా అనుకున్నాడు. ఆమె కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి కూడా. ఎండకనుకున్నాడు.

పైకి వెళ్ళాక ఆమె కారు ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి అడిగింది. "ఎలా ఉంది నాన్నా?"

అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. వినపడలేదమ్మా అంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో తన చెవి మీద ఒట్టు పెట్టుకునే జనం ఉన్నారు.

"సరిపోయింది," అన్నాడు. దిగి, ఉలి తీసి గీత గీశాడు. అది వంకరగా పడింది. "నాన్నా, గీత తాగి పడుకున్నట్టుందేంటి?" అని పిన్ని నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె పెదవులు సరిగ్గా చూడలేదు అప్పుడు, చూస్తే తప్ప మాట అందడం లేదు.

పందెం రోజు తాత కొండ కింద తాడు పక్కన నిలబడ్డాడు. జనం చేతులు కలిపారు, వీపు తట్టారు. పిన్ని హెల్మెట్టు పెట్టుకుని ఆయనకు బొటనవేలు చూపించింది. జెండా పడింది. కారు మొదటి మలుపు తిరిగి చెట్ల వెనక్కి పోయింది. తర్వాత అక్కడ చెయ్యడానికి ఏముంది? చప్పుడు వినడమే. అందరూ కొండ వైపు తలెత్తి, నోళ్ళు కొంచెం తెరిచి వింటున్నారు. తాత కూడా తలెత్తాడు. మూడో మలుపు, నాలుగో మలుపు అని మనసులో లెక్కపెడుతున్నాడు, ఆ దూది గదిలో మీట నొక్కినట్టే.

ఆరు దగ్గరకు వచ్చేసరికి పక్కనున్న టైర్ల కొట్టు ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆయన పక్కనున్నవాళ్ళూ, తాడు పొడుగునా అందరూ ఒక్కసారి గాలి తగిలిన చేనులా కదిలారు. ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన పరుగెత్తాడు. తాత ఒక్కడే చిరునవ్వు మొహంతో కొండ వైపు చూస్తూ ఉన్నాడు, మనసులో ఏడు అనుకుంటూ.

"ఏమైంది?" అని అడిగాడు టైర్ల కొట్టు ఆయన్ని.

ఆయన తాత మొహం వంక వింతగా చూశాడు. "వినపడలేదా మేస్త్రీ?"

మూడో పిస్టనుకు నెత్తిన వేలు పట్టేంత చిల్లు పడింది. దాని కడ్డీ విరిగి ఇంజను గోడ పొడుచుకుని బయటకు వచ్చింది. లోపలి నూనె అంతా వెనక చక్రాల కింద పోసుకుంది. కారు ఆరో మలుపులో అడ్డం తిరిగి రాతి గోడను కొట్టింది. ముందు భాగం పిన్ని ఎడమ కాలి మీదికి ముడుచుకుంది. పెడళ్ళ మధ్య నుంచి ఆ కాలు తియ్యడానికి రేకు కొయ్యాల్సి వచ్చింది. తాత వెళ్ళేసరికి కోస్తున్నారు. ఆ రంపం గోల కొండంతా వినపడిందట. ఆయనకు ఆమె అరుపు మాత్రం వినపడలేదు, నోరు తెరిచి ఉండటమే కనపడింది.

మూడు ఆపరేషన్లయ్యాయి. చీలమండ ఇక వంగదన్నారు. నడవొచ్చు, కర్రతో. క్లచ్చు తొక్కడం కుదరదు.

ఆసుపత్రిలో తాత మంచం పక్క స్టూలు మీద కూర్చునేవాడు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు రోజులు వచ్చాడు, నాలుగు రోజులూ అలాగే తీసుకెళ్ళాడు. ఐదో రోజు పిన్నే గోడ వైపు తిరిగి ఏదో అంది.

"ఆఁ?" అన్నాడు తాత.

ఆమె ఇటు తిరిగింది. "నాకు వినపడింది నాన్నా అంటున్నా."

"ఏంటమ్మా?"

"గులకరాళ్ళు. నీళ్ళ ట్యాంకు దగ్గరే వినపడ్డాయి. సన్నగా. నువ్వు వేలెత్తుతావని చూశా. నువ్వు ఎత్తలా. గొట్టం పెట్టుకున్నవాడివి నువ్వు, నా చెవికేం తెలుసు, అది ఇంకేదో అయ్యుంటుందిలే అనుకున్నా."

తాత చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

"పందెంలో నాలుగో మలుపు దగ్గర గట్టిగా మొదలైంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేద్దామనుకున్నా. తీసేదాన్నే. గీత గీశావు కదా అని తొక్కా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాదే బుద్ధి తక్కువ. కాలు తీస్తే పోయేది. కప్పు రాకపోతే రాకపోయె."

తన తప్పని ఏడుస్తోంది పిచ్చిది. తాత జేబులోంచి కాగితం తీసి దుప్పటి మీద పెట్టాడు. ఆమె నాలుగు మడతలూ విప్పి చూసింది. కొండ అంచు నుంచి దూకిన గీతను చూసింది. పైన తేదీ చూసింది.

"ఇదెప్పటిది?"

"ఉంది కదమ్మా దానిమీద."

"నీ నోటితో చెప్పు."

"పందేనికి రెండు నెలల ముందుది."

ఆమె కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో పెట్టి ఆయనకు ఇచ్చేసింది. "అమ్మను పిలువు," అంది. ఆ తర్వాత చాలా వారాలు ఆయనతో ఆమె మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీళ్ళు. తలుపు. వద్దు.

వ్యాను ఓనరు రెండు నెలలు చూసి వేరే మనిషిని పెట్టుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు, పిల్లలు బడికి పోవాలి కదా. పొద్దున ఆ వ్యాను వీధిలోంచి పోతుంటే పిన్ని కిటికీ దగ్గర నుంచి లేచి లోపలికి వెళ్ళేది. కొత్త డ్రైవరు గేరు మార్చే తీరు బాగాలేదని ఒకసారి అంది. అంతే.

ఇంట్లో అన్నిటికంటే ఘోరం, అమ్మమ్మ తిట్టడం మానేసింది. తాతకు తిట్లు ఎలాగూ వినపడవు. కానీ వంటింటి గడపలోంచి ఆవిడ పెదవులు కదలటం ఆయన చూసేవాడు, దాన్నిబట్టి అంతా సవ్యంగానే ఉందనుకునేవాడు. ఇప్పుడు పెదవులు కదలటం లేదు. "గొట్టంలో వినపడుతుందన్నారు," అని ఒక్కసారి మాత్రం ఆయన ఎదురుగా నిలబడి, ప్రతి అక్షరం విడిగా పలికి వెళ్ళిపోయింది. కారు డొక్కును పాత ఇనుము ఆయన వచ్చి పట్టుకెళ్ళాడు. సవతి గడప దాటుతుంటే ఆవిడ చూడటానికి కూడా రాలేదు. తాత మూడో పిస్టను ఒక్కటి ఉంచుకున్నాడు. షెడ్డు కిటికీలో పెట్టాడు. పొద్దున పూట దాని చిల్లులోంచి ఎండ వచ్చి బల్ల మీద పడేది.

వానలు తగ్గాక ఒక బేకరీ ఆయన తన పాత కారు వేసుకుని వచ్చాడు. దూరపు ఊరివాడు, జరిగింది తెలియదు. చెవి మేస్త్రి పేరు విని వచ్చాడు.

"నేను మానేశానండీ," అన్నాడు తాత.

"ఒక్కసారి విని చెప్పండి మేస్త్రీ. ఎత్తు ఎక్కుతుంటే ఏదో తేడాగా ఉంది."

తాత తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వెనక కర్ర చప్పుడు. అది తాతకు వినపడలేదు గానీ బేకరీ ఆయన అటు చూస్తే తనూ చూశాడు. పిన్ని షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉంది. మెల్లగా వచ్చి, మేకుకు వేలాడుతున్న రబ్బరు గొట్టాన్ని తీసింది. గరాటును చీర కొంగుతో తుడిచింది.

"బిగించు," అంది తాతతో. కళ్ళలోకి చూసి, నోరు బాగా తెరిచి.

ఆయన బిగించాడు. నీళ్ళ ట్యాంకు ఎత్తు మీద బేకరీ ఆయన నడిపాడు, పిన్ని పక్కన గరాటు చెవికి పెట్టుకుని కూర్చుంది, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. తాతను వెనక సీట్లో వేశారు. వెనక సీటున్న కారు ఎక్కి ఎన్నేళ్ళయిందో. సగం దూరంలో ఆమె వేలు లేచింది. తాత దిగి వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఎక్కారు. మళ్ళీ వేలు. మళ్ళీ దిగాడు. నాలుగోసారికి వేలు లేవలేదు. పైన ఆగాక బేకరీ ఆయన చేతులు దులుపుకుంటూ, "మీ నాన్నగారు గీత గీస్తారట కదా, గీస్తే మాకూ ధైర్యం," అన్నాడు.

తాత అలవాటుగా ఉలి తీశాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీకేం వినపడింది నాన్నా?"

ఆయన బేకరీ ఆయన వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకేమీ వినపడలేదు," అన్నాడు. కొంచెం గట్టిగానే అన్నాడు, చెవిటివాళ్ళ మాట అలాగే ఉంటుంది.

"అయితే గీయకు."

ఉలి పెట్టెలోకి వెళ్ళింది. బేకరీ ఆయనకు ఏమీ అర్థం కాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. పిన్ని గరాటును బేకరీ ఆయన చేతిలో పెట్టింది.

"పదండి, ఇంకోసారి ఎక్కుదాం. ఈసారి నాన్న నడుపుతాడు, మీ కారును మీరే వినండి."